టిప్పు పులి తల వేల్స్ కోటలో ఎందుకుంది, అసలు అది ఎవరిది?

అరచేతిలో ఇమిడేంత బంగారు పులి తల. ఒళ్లంతా కెంపులు, వజ్రాలు, పచ్చలు. కోరలు బయటపెట్టి గుర్రుమంటున్నట్టు ఉంటుంది. టిప్పు సుల్తాన్ సింహాసనం చుట్టూ అమర్చిన చిన్న పులి తలల్లో ఇదొకటి. ఇప్పుడున్నది బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో, వెల్ష్‌పూల్ అనే చిన్న ఊరి పక్కన గుట్ట మీదున్న ఎర్రరాతి కోటలో. పేరు పోవిస్ కోట. టికెట్ కొనుక్కుని ఎవరైనా వెళ్లి చూడొచ్చు.

దీని ఫొటో అప్పుడప్పుడూ వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటుంది. కింద మూడు రకాల కామెంట్లు. "బ్రిటిష్ ప్రభుత్వం దాచుకుంది" అని ఒకరు, "క్లైవ్ ఎత్తుకుపోయాడు" అని ఇంకొకరు, "ఎవడి ఇంట్లో ఉంటే వాడిదే కదా" అని మరొకరు. చిత్రమేమిటంటే మూడూ తప్పే. కోట ప్రభుత్వానిది కాదు. టిప్పు వస్తువుల్ని తెచ్చింది మనం చదువుకున్న ఆ క్లైవ్ కాదు. ఇంట్లో ఉన్నవన్నీ ఆ ఇంటివే కానక్కర్లేదు కూడా.

ఏ క్లైవ్?

ప్లాసీ యుద్ధం, 1757, రాబర్ట్ క్లైవ్. ఇంతవరకు స్కూల్లో చదువుకున్నదే. ఆయన 1774లో చనిపోయాడు. శ్రీరంగపట్నం కోట పడి టిప్పు నేలకొరిగింది 1799 మే 4న. అంటే పాతికేళ్ల తేడా. టిప్పు వస్తువులకు సంబంధించిన క్లైవ్ ఆయన కొడుకు ఎడ్వర్డ్. 1798 నుంచి 1803 వరకు మద్రాసు గవర్నరు.

పోవిస్ కోట కూడా క్లైవ్‌లు కట్టించింది కాదు. 13వ శతాబ్దంలో వేల్స్ రాజవంశీకులు కట్టుకున్న కోట అది. 1587లో హెర్బర్ట్ కుటుంబం కొనుక్కుంది. 1784లో ఆ ఇంటి ఆడపిల్ల హెన్రియెట్టాను ఎడ్వర్డ్ క్లైవ్ పెళ్లాడాడు. ఒక పక్క పాత వంశం, పేరు, పాడుబడుతున్న కోట. ఇంకో పక్క ఇండియా డబ్బు. హెన్రియెట్టా అన్నదమ్ముడు పిల్లల్లేకుండా 1801లో చనిపోతే ఆస్తి మేనల్లుడికి, అంటే హెన్రియెట్టా, ఎడ్వర్డ్‌ల కొడుక్కి వచ్చింది. ఆ మేనల్లుడు 1807లో క్లైవ్ ఇంటిపేరు వదిలేసి హెర్బర్ట్ అని మార్చుకున్నాడు. అలా తాత బెంగాల్‌లో సంపాదించిందీ, అమ్మానాన్నలు మద్రాసు నుంచి తెచ్చిందీ ఒకే కప్పు కిందికి చేరాయి. ఇండియాకు, తూర్పు ఆసియాకు చెందిన వస్తువులే అక్కడ 1,000కి పైగా ఉన్నాయి. 1987 నుంచి వాటికి ఆ కోటలో ప్రత్యేకంగా క్లైవ్ మ్యూజియం ఉంది.

తెలుగువాళ్లకు ఈ తండ్రీకొడుకులు అనుకున్నంత దూరం వాళ్లేం కాదు. 1765లో మొగల్ చక్రవర్తి షా ఆలం దగ్గర ఉత్తర సర్కారుల మీద ఫర్మానా రాయించుకుంది రాబర్ట్ క్లైవ్. ఇక నిజాం సైన్యం 1799లో కంపెనీ పక్కన నిలబడి టిప్పు మీద పోరాడింది. మైసూరు యుద్ధాల్లో తన వాటాకు వచ్చిన బళ్లారి, కడప, అనంతపురం ప్రాంతాల్ని నిజాం 1800లో కంపెనీకి అప్పగించాడు. అవే దత్త మండలాలు. అప్పుడు మద్రాసు గవర్నరు కుర్చీలో ఉన్నది ఎడ్వర్డ్ క్లైవే. కోస్తా తండ్రి చేతి మీదుగా, రాయలసీమ కొడుకు హయాంలో కంపెనీ లెక్కలోకి వెళ్లాయన్నమాట.

దోపిడీ, వాటా, కానుక, కొనుగోలు

"అంతా దోచుకెళ్లిందే" అన్నా, "అన్నీ పద్ధతి ప్రకారం సంపాదించినవే" అన్నా పని తేలికవుతుంది. కానీ వస్తువుల్ని ఒక్కొక్కటిగా పట్టుకుంటే లెక్క అలా కుదరదు.

మొదటిది పచ్చి దోపిడీ. శ్రీరంగపట్నం పడిన రాత్రి సిపాయిలు, సోల్జర్లు ఇళ్ల మీద పడి దొరికింది దొరికినట్టు ఎత్తుకుపోయారు. మర్నాడు ఆర్థర్ వెల్లెస్లీ, అంటే తరవాతి కాలపు డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్, కొందరిని ఉరితీసి, కొందరిని కొరడాలతో కొట్టించి దాన్ని ఆపాడు. బ్రిటిష్ సైన్యం లెక్కలో కూడా అది నేరమే.

రెండోది ఆ రోజుల్లో నేరం కాదు, దానికొక పద్ధతి ఉండేది. గెలిచిన కోటలో ఖజానా, నగలు, ఆయుధాలు అన్నీ ఒకచోట పోగేసి, ఏజెంట్లను పెట్టి, వెలకట్టి, హోదాను బట్టి పంచుకునేవారు. జనరల్‌కి పెద్ద వాటా, సిపాయికి చిల్లర. టిప్పు సింహాసనం ముక్కలైంది ఇలాగే. గవర్నర్ జనరల్ రిచర్డ్ వెల్లెస్లీ దాన్ని చెక్కుచెదరకుండా లండన్‌లో రాజుగారికి పంపాలనుకున్నాడు. ఆయన మాట చేరేలోపే ఏజెంట్లు సింహాసనాన్ని విరగ్గొట్టి వాటాలు వేసేశారు. పెద్ద పులి తల ఒకటీ, పైన గొడుగు మీదుండే హుమా అనే కల్పిత పక్షి బొమ్మా చివరికి విండ్సర్ కోటకు చేరాయి. చిన్న తలలు తలా ఒక దిక్కుకు పోయాయి.

ఇలా పంచుకున్న సొత్తు మర్నాటి నుంచి మామూలు సరుకే. అమ్ముకోవచ్చు, కానుకగా ఇచ్చుకోవచ్చు. ఇక మూడోది, కానుక. ఎడ్వర్డ్ క్లైవ్ యుద్ధం జరిగినప్పుడు శ్రీరంగపట్నంలో లేడు, మద్రాసులో ఉన్నాడు. ఆయన దంపతులకు ఇలాంటి వస్తువులు దక్కింది యుద్ధం తరవాత, పదవి వల్ల. హెన్రియెట్టా 1800లో కూతుళ్లిద్దర్నీ వెంటేసుకుని మద్రాసు నుంచి బెంగళూరు, మైసూరు మీదుగా తంజావూరు దాకా నెలల తరబడి తిరిగింది. పరాజితుడి రాజధానికి గవర్నరు భార్య వస్తే ఎవరైనా ఏదైనా ఇవ్వడం కానుకా, భయమా? చివరికి చిక్కుముడి పడేది ఇక్కడే. కాగితం మీద కానుక అనే ఉంటుంది.

నాలుగోది నిజమైన కొనుగోలు. దీనికి పోలిక మన హైదరాబాద్‌లోనే ఉంది. సాలార్‌జంగ్ మ్యూజియంలోని మేలిముసుగు రెబెక్కా పాలరాతి శిల్పాన్ని మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో డబ్బిచ్చి కొన్నాడు. ఇటలీ శిల్పం హైదరాబాద్‌లో ఉండటాన్ని ఎవరూ ప్రశ్నించరు, ఎందుకంటే అమ్మినవాడికి వద్దు అనే వీలుంది. పోవిస్‌లోనూ ఇలాంటివి ఉన్నాయి. పాత హెర్బర్ట్‌ల పెయింటింగులు, యూరప్ నుంచి తెచ్చుకున్న ఫర్నిచరు, ఇవేవీ శ్రీరంగపట్నం గొడవలోకి రావు.

ఇప్పుడు టిప్పు గుడారం సంగతి. నా మటుకు పోవిస్‌లో పులి తల కంటే ఇదే ముఖ్యం. తెల్లటి నూలు గుడ్డ. దాని మీద వరసగా కమానులు, ఒక్కో కమానులో ఒక పూల కుండీ, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో. లోపల నిలబడితే నాలుగు వైపులా పూలతోటలో ఉన్నట్టు అనిపించేలా చేసిన పనితనం. ఇది టిప్పు చేయించింది కాదు. 18వ శతాబ్దం మొదటి సగంలో తయారైంది, అంటే టిప్పు పుట్టక ముందో, పుట్టే నాటికో. మన మచిలీపట్నం కలంకారీ చూసినవాళ్లకు ఆ రంగులద్దే పద్ధతి కొత్తగా ఉండదు, రెండూ ఒకే జాతి పని. సుల్తాన్ విడిది చేసిన ఈ గుడారాన్ని పోవిస్ దొరలు తోటలో పార్టీలు జరిగినప్పుడు షామియానాలా వేసుకునేవారట. బంగారమైతే పెట్టెలో పెట్టి దాచేవారేమో.

దొర ఇంటికి టికెట్ ఎందుకు పెట్టారు

ఇంగ్లిష్‌లో కంట్రీ హౌస్ అంటే పల్లెటూళ్లో ఇల్లు అని కాదు. తెలంగాణ గడీనో, బొబ్బిలి, వెంకటగిరి లాంటి జమీందారీ కోటనో ఊహించుకుంటే దగ్గరగా ఉంటుంది. చుట్టూ వేల ఎకరాలు, ఆ కౌళ్ల మీద నడిచే ఇల్లు. 1870ల తరవాత అమెరికా గోధుమలు చవగ్గా దిగుమతి కావడంతో కౌళ్లు పడిపోయాయి. దాని మీద 1894లో ఎస్టేట్ డ్యూటీ వచ్చింది. మనిషి చనిపోతే ఆస్తి వారసుడికి చేరేలోపు ప్రభుత్వం వసూలు చేసే పన్ను. మన దేశంలోనూ ఈ పేరుతోనే 1953 నుంచి 1985 దాకా ఉండేది. బ్రిటన్‌లో మొదట గరిష్ఠంగా 8 శాతం. 1919కి 40 శాతం. 1949కి పెద్ద ఎస్టేట్ల మీద 80 శాతం.

దీన్ని రూపాయల్లో కాదు, పౌండ్లలోనే చూద్దాం. 20 లక్షల పౌండ్ల ఎస్టేట్ ఉన్న దొర 1950లో చనిపోయాడనుకోండి. 80 శాతం అంటే 16 లక్షల పౌండ్లు కట్టాలి. ఆస్తేమో నేల, గోడలు, గోడల మీద బొమ్మలు. చేతిలో నగదు లేదు. కొడుక్కి మిగిలే దారులు తక్కువ. పొలాలు అమ్మాలి, బొమ్మలు అమ్మాలి, లేదా ఇల్లే పడగొట్టి రాళ్లు, కలప అమ్ముకోవాలి. అలా వందల ఇళ్లు నేలమట్టమయ్యాయి.

ఇది ఊహ మాత్రమే కాదు. డెవన్‌షైర్ పదో డ్యూక్ ముందుచూపుతో ఆస్తి కొడుకు వైపు మళ్లించాడు. అలా చేశాక ఐదేళ్లు బతికుంటే పన్ను తప్పేది. ఐదేళ్లు నిండడానికి కొన్ని వారాల ముందు, 1950 నవంబరులో పోయాడు. 80 శాతం పడింది. ఆ కుటుంబం హార్డ్‌విక్ హాల్ అనే ఇంకో పెద్ద భవనాన్నీ, విలువైన కళాఖండాలు కొన్నింటినీ పన్ను కింద వదులుకుని, చాట్స్‌వర్త్ అనే అసలు ఇంటిని నిలబెట్టుకుంది.

ఇలాంటి ఇళ్లను ఆదుకోవడానికి ముందుకొచ్చింది నేషనల్ ట్రస్ట్. పేరు చూసి చాలామంది ప్రభుత్వ శాఖ అనుకుంటారు. కాదు. 1895లో ముగ్గురు కలిసి పెట్టిన స్వచ్ఛంద సంస్థ. ఇప్పుడు 50 లక్షలకు పైగా సభ్యులున్నారు. 1937లో వచ్చిన చట్టంతో దొరలు ఇంటిని ట్రస్ట్‌కి రాసిచ్చి, అందులోనే ఒక భాగంలో కాపురం ఉండే వీలు కలిగింది. బదులుగా జనాన్ని లోపలికి రానివ్వాలి. ట్రస్ట్ ఒక ఆస్తిని శాశ్వతం అని ప్రకటిస్తే దాన్ని అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు. మన దేవుడి మాన్యంలాగా అనుకోవచ్చు, మాన్యాలకు పట్టిన గతి పట్టకుండా పార్లమెంటు కాపలా ఉంది.

పోవిస్ నాలుగో ఎర్ల్‌కి (ఎర్ల్ అంటే బ్రిటన్‌లో ఒక ప్రభు బిరుదు) ఇద్దరు కొడుకులు. ఒక్కో ప్రపంచ యుద్ధ కాలంలో ఒకరు పోయారు. 1952లో ఆయన చనిపోతూ కోటను ట్రస్ట్‌కి రాసిచ్చాడు.

గోడ ఒకరిది, గోడ మీద బొమ్మ ఇంకొకరిది

టికెట్ కొని లోపలికి వెళ్లేవాళ్లకు తెలియని సంగతి ఇది. ఇలాంటి ఇంట్లో ఒకే గదిలో మూడు నాలుగు రకాల యాజమాన్యాలు ఉండొచ్చు. భవనం ట్రస్ట్‌ది. కుర్చీలు కుటుంబం అరువిచ్చినవి. పెయింటింగు పన్ను కింద ప్రభుత్వం తీసుకుని, అక్కడే ఉంచమని అప్పగించింది. పక్క పెయింటింగు కుటుంబానిదే, కానీ పన్ను మినహాయింపు షరతు మీద జనానికి చూపించాలి. అమ్మితే ఆ మినహాయింపు పోతుంది, పాత పన్ను మీద పడుతుంది.

పన్నుకు బదులు బొమ్మ ఇవ్వడం వింతగా అనిపిస్తుంది కాబట్టి ఒక లెక్క. బొమ్మ విలువ 10 లక్షల పౌండ్లు, వారసత్వ పన్ను ఇప్పుడున్నట్టు 40 శాతం అనుకుందాం. వేలంలో అమ్మితే 4 లక్షలు పన్నుకు పోయి 6 లక్షలు మిగులుతాయి. ప్రభుత్వానికే ఇస్తే, ఆ 4 లక్షల పన్నులో సాధారణంగా పాతిక శాతం, అంటే లక్ష, వారసుడికే కలుపుతారు. అంటే 7 లక్షల పౌండ్ల పన్ను బాకీ తీరినట్టు. వారసుడికి లక్ష లాభం. ప్రభుత్వానికి 10 లక్షల బొమ్మ 7 లక్షలకు వచ్చింది. బొమ్మ ఊరు దాటక్కర్లేదు, ఉన్న మేకుకే ఉంటుంది. లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఒక లైను మాత్రం మారుతుంది.

ఈ తేడా కాగితం మీదిది మాత్రమే కాదనడానికి పోవిస్‌లోనే రుజువుంది. హెర్బర్ట్ వంశంలో ఒక తత్వవేత్త, రాయబారి ఉండేవాడు, చెర్బరీ ప్రభువు ఎడ్వర్డ్ హెర్బర్ట్. ఆయన అడవిలో సెలయేటి పక్కన మోచేతి మీద వాలి పడుకున్నట్టు ఐజక్ ఆలివర్ వేసిన సూక్ష్మచిత్రం 400 ఏళ్లుగా కుటుంబం చేతిలోనే ఉంది. కుటుంబం అమ్మకానికి పెట్టేసరికి అది దేశం దాటే పరిస్థితి వచ్చింది. చివరికి 2016లో చందాలు, గ్రాంట్లు కలిపి 21 లక్షల పౌండ్లు పెట్టి నేషనల్ ట్రస్ట్ కొనుక్కోవలసి వచ్చింది. తన కోటకు చెందిన పూర్వీకుడి బొమ్మనే.

తిరిగి ఇవ్వమంటే ఎవరు ఇవ్వాలి, ఎవరికి ఇవ్వాలి

ఇంత చెప్పాక అసలు గొడవ అర్థమవుతుంది. వాదాలు రెండు వైపులా బలంగానే ఉన్నాయి.

ఉంచుకోవాలనేవాళ్లు చెప్పేది: యుద్ధ సొత్తు పంచుకోవడం ఆనాటి అన్ని సైన్యాల ఆచారం, టిప్పు సైన్యం కూడా మినహాయింపు కాదు. 200 ఏళ్లుగా జాగ్రత్తగా కాపాడారు, ఇప్పుడు ఎవరైనా చూడొచ్చు. ఇలా పోవిస్‌లో ఉండబట్టే గుడారం లాంటి సున్నితమైన బట్ట మిగిలింది. 

తిరిగివ్వాలనేవాళ్లు అడిగేది: ఆచారం ఎవరు రాసిన ఆచారం? గెలిచినవాడు రాసుకున్న చట్టం ప్రకారం గెలిచినవాడు తప్పు చేయలేదనడంలో విశేషం ఏముంది? "ఎవరైనా చూడొచ్చు" అన్న మాటలో మైసూరు రైతు, వీసా, విమానం టికెట్ లెక్కలోకి వస్తాయా?

"ఆ రోజుల్లో అది మామూలే" అన్న వాదనకు ఒక చిల్లు ఉంది. అది ఆ రోజుల్లోనే అందరికీ మామూలుగా లేదు. రాబర్ట్ క్లైవ్ మీద పార్లమెంటు విచారణ జరిపింది. ప్లాసీ తరవాత బెంగాల్ నవాబైన మీర్ జాఫర్ వల్ల ఆయనకు 2,34,000 పౌండ్లు ముట్టాయని 1773లో తీర్మానించి, అదే నోటితో దేశానికి గొప్ప సేవ చేశాడని కూడా అంది. సమకాలికులు తప్పు పట్టలేదనడం కుదరదు. తప్పు పట్టి వదిలేశారు.

అవతలి వాదనలోనూ ఒక చిక్కుంది: ఎవరికి ఇవ్వాలి? టిప్పు కుటుంబాన్ని ముందు వెల్లూరుకు, 1806 సిపాయిల తిరుగుబాటు తరవాత కలకత్తాకు పంపేశారు. వాళ్ల వారసులకా, కర్ణాటకకా, కేంద్రానికా? ఇది ఇవ్వకుండా ఉండటానికి సాకు కాదు, కానీ జవాబు కావాల్సిన ప్రశ్నే. చట్టం దారి కూడా ఇరుకు. దొంగ కళాఖండాల మీద 1970 యునెస్కో ఒప్పందం వెనక్కి వర్తించదు, అంతకు ముందు పోయినవి దాని కిందికి రావు. బ్రిటిష్ మ్యూజియంకైతే సేకరణలోవి ఇచ్చేయడాన్ని కట్టడి చేసే 1963 చట్టం అడ్డు. నేషనల్ ట్రస్ట్ స్వచ్ఛంద సంస్థ కాబట్టి దాని మీద వేరే కట్టుబాట్లున్నాయి. సేకరణలోది ఏదైనా ఊరికే ఇచ్చేయడానికి ట్రస్టీలకు ఇష్టముంటే చాలదు.

అలాగని దారే లేదనుకోవద్దు. లండన్ హార్నిమన్ మ్యూజియం 2022లో చారిటీ కమిషన్ (స్వచ్ఛంద సంస్థల్ని నియంత్రించే సంస్థ) అనుమతితో, ఆఫ్రికాలోని పాత బెనిన్ రాజ్యానికి చెందిన 72 కళాఖండాల యాజమాన్యాన్ని నైజీరియాకు బదిలీ చేసింది. అదే ఏడాది ఆగస్టులో గ్లాస్గో మ్యూజియాలు ఏడు వస్తువుల్ని భారత్‌కు ఇచ్చే ఒప్పందం మీద సంతకం చేశాయి. వాటిలో ఆరు వస్తువులు గుళ్ల నుంచి, ప్రార్థనా స్థలాల నుంచి పోయినవి. ఏడోది కత్తి, హైదరాబాద్ నిజాం సంగ్రహంలో ఉండగా 1905లో దొంగిలించి ఒక బ్రిటిష్ జనరల్‌కి అమ్మేశారు. గమనించండి, ఇక్కడ ఏడింటికీ దొంగతనం అనే స్పష్టమైన మాట ఉంది. టిప్పు పులి తలకు అది లేదు. ఉన్నది వాటా అనే మాట.

ట్రస్ట్ ఇప్పటిదాకా చేసింది ప్రధానంగా చరిత్ర చెప్పడం. 2020 సెప్టెంబరులో తన చేతిలో ఉన్న ఆస్తుల్లో 93 చోట్లకు బానిస వ్యాపారంతోనో వలస పాలనతోనో ఉన్న సంబంధాన్ని వివరిస్తూ నివేదిక ఇచ్చింది. దాంతో టెన్షన్ మొదలైంది. ఇళ్లు చూడటానికి వస్తే పాఠాలు చెబుతారా అని కొందరు ఎంపీలు మండిపడ్డారు. ఫిర్యాదులు వెళ్లాయి. ట్రస్ట్ చట్టం దాటలేదని చారిటీ కమిషన్ 2021లో తేల్చింది. అటువైపు, లేబుల్ మార్చి వస్తువు ఉంచుకుంటే ఏం ఒరిగిందని అడిగేవాళ్లూ ఉన్నారు.

ఒకే సింహాసనం నుంచి విడిపోయిన ముక్కల్నే చూడండి. విండ్సర్‌లో ఉన్న పెద్ద పులి తల రాచ సంగ్రహంలోది. పోవిస్‌లోని చిన్న తల నేషనల్ ట్రస్ట్ సంరక్షణలో ఉంది. ఇంకొన్ని చిన్న తలలు ప్రైవేటు చేతుల్లో తిరుగుతూ అప్పుడప్పుడూ వేలంలో తేలుతుంటాయి. అలాంటి ఒకటి దేశం దాటబోతుంటే 2021 నవంబరులో బ్రిటిష్ ప్రభుత్వం ఎగుమతిని తాత్కాలికంగా ఆపింది. తమ దేశ వారసత్వానికి ముఖ్యమైన వస్తువు కాబట్టి అది పోకూడదని, 15 లక్షల పౌండ్లు పెట్టి బ్రిటన్‌లోనే ఎవరైనా కొనుక్కుంటారేమోనని గడువిచ్చింది.